సీలంపూర్ నుంచి రాంగంగ దాకా

ఢిల్లీ వెళ్లినవాళ్లు ఎర్రకోట చూస్తారు, కుతుబ్ మినార్ చూస్తారు, కరోల్ బాగ్‌లో బేరాలాడి వస్తారు. యమున అవతలి గట్టున ఏముందని అడిగేవాళ్లు అరుదు. అవతల సీలంపూర్ ఉంది. పాడైన టీవీలు, కంప్యూటర్లు, ఫోన్లు దేశం నలుమూలల నుంచీ లారీల్లో వచ్చి దిగే బజారు అది. "పాత సామాన్లు కొంటాం" అని మన వీధుల్లో మైకులో అరుచుకుంటూ పోయే బండికి వేసిన డబ్బా టీవీ, ఎన్ని చేతులు మారినా, చివరికి చేరేది ఇలాంటి చోటికే. ఆ దారి పట్టుకుని ఒకసారి పోయి చూడాలని ఎప్పట్నుంచో ఉండేది. ఫిబ్రవరిలో కుదిరింది.

మా మేనల్లుడు ఢిల్లీలో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ చదువుతున్నాడు. తోడు రమ్మంటే, "మామయ్యా, అక్కడ తుక్కు తప్ప ఏముంటుంది?" అన్నాడు. ఆ తుక్కు కోసమే కదరా అంటే నావైపు జాలిగా చూసి బయల్దేరాడు.

కశ్మీరీ గేట్ దాటగానే మెట్రో యమున మీదికి వస్తుంది. 2002 డిసెంబరులో ఢిల్లీ మెట్రో మొట్టమొదట నడిచిన దారి ఇదే. కుడివైపు దూరంగా, బ్రిటిష్ కాలంనాటి ఇనుప వంతెన పొగమంచులో మసకమసకగా కనిపించింది. కింద నీళ్లు నల్లగా, కదలికే లేనట్టున్నాయి. గోదావరి రాగానే కిటికీల దగ్గరికి చేరిపోయే జనంలో పెరిగినవాణ్ని. పెట్టె మొత్తమ్మీద ఒక్కరూ తలెత్తి నదివైపు చూడకపోవడం నాకు వింతగానే అనిపించింది.

సీలంపూర్‌లో దిగి సందుల్లోకి మళ్లాం. ఈ-రిక్షాల మోత, నెత్తిమీద చిక్కుపడ్డ కరెంటు తీగలు, తందూరులో కాలుతున్న రొట్టెల కమ్మటి వాసన. దాని వెనకే గొంతులో గుచ్చుకునే మరో వాసన, కాలిన ప్లాస్టిక్‌ది. కాసేపు తిరిగాక ఒక సంగతి తెలిసొచ్చింది. ఇక్కడ ఏదీ కలగాపులగంగా లేదు. ఒక కొట్లో నేల నుంచి కప్పు దాకా కీబోర్డులే. పక్క కొట్లో ఏసీ కంప్రెసర్లు. ఎదురుగా పాత పిక్చర్ ట్యూబుల మెడలోంచి ఊడదీసిన రాగి చుట్టలు. తడి చెత్త, పొడి చెత్త వేరుచేయమని మా అపార్ట్‌మెంట్ సంఘం ఏళ్ల తరబడి నోటీసులు అతికిస్తోంది. ఇక్కడ ఎవరూ ఎవరికీ నోటీసు ఇవ్వలేదు. వేరుచేస్తేనే ధర. అంతే.

ఒక గడప మీద నడివయసు ఆవిడ గోనెపట్టా పరుచుకుని కూర్చుంది. ఒళ్లో ఫోన్ ఛార్జర్ల గుట్ట, చేతిలో చిన్న సుత్తి. అతుకు మీద ఒక్క దెబ్బ వేస్తే డొల్ల రెండు చెక్కలైంది. ప్లగ్గు పిన్నులు లాగి ఒక డబ్బాలో వేసింది. బుల్లి ట్రాన్స్‌ఫార్మర్ మరో డబ్బాలోకి, వేలెడంత బోర్డు ఇంకో డబ్బాలోకి, వైరు పక్కనున్న తట్టలోకి పోయాయి. డొల్లల్లో నల్లవి ఒక సంచిలో, తెల్లవి ఒక సంచిలో. నేను లోపలున్నవేమిటో పోల్చుకునేలోపే ఆవిడ మూడో ఛార్జర్‌కు వచ్చేసింది. కిలో లెక్కన కూలి. అవతల పొయ్యిమీద పప్పు ఉడుకుతోంది. ఇంటిపని, ఈ పని ఒకే గదిలో, ఒకే గాలిలో.

ఆ సందు చివర బోర్డులు విప్పే చోటు. గ్యాస్ పొయ్యి మీద మందపాటి ఇనుప రేకు, దాని మీద బోర్లించిన మదర్‌బోర్డు. టంకం కరిగే దాకా ఆగి, పట్టకారుతో ఎత్తి రేకు అంచుకేసి ఒక్కసారి కొట్టాడాయన. చెట్టు దులిపితే కుంకుడుకాయలు రాలినట్టు చిప్పులన్నీ జలజలా రాలాయి. మేనల్లుడు ఒకటి తీసుకుని, దానిమీది అంకెలు చదవడానికి ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చూస్తున్నాడు. ఆయన ఇటు తిరక్కుండానే, అది ఫలానా కంపెనీ టీవీలో సౌండు చిప్పు, పనిచేస్తుంది, పక్కన పెట్టు అన్నాడు. బాగున్న ముక్కలు రిపేరు దుకాణాలకు పోతాయట. నెహ్రూ ప్లేస్‌కి, లజపత్ రాయ్ మార్కెట్‌కి, "మీ హైదరాబాద్‌కీ" అన్నాడు నవ్వుతూ. నా హిందీ వినగానే ఊరు పోల్చుకున్నాడు మరి. అబిడ్స్ జగదీష్ మార్కెట్లో, సికింద్రాబాద్ సీటీసీలో మనం పాత ఫోనుకో, ల్యాప్‌టాప్‌కో వేయించుకునే భాగాలు అన్నీ డబ్బాలోంచి కొత్తగా తీసినవేమీ కావు. ఈ రేకు మీద రాలినవీ ఉంటాయి. 2020 లాక్‌డౌన్‌లో బడులు మూతపడి పాఠాలు ఫోన్లలోకి ఎక్కినప్పుడు, కొత్తది కొనలేని ఇళ్లలో పిల్లల్ని గట్టెక్కించింది పాత ఫోన్లు, వాటిని బతికించిన ఈ చిల్లర ముక్కలే.

ఈ పని ఎక్కడ నేర్చారని మావాడు అడిగాడు. ఉస్తాద్ దగ్గర అన్నాడాయన. ఎన్నేళ్లు? లెక్కపెట్టుకోలేదట. బయటికొచ్చాక, "మా ల్యాబ్‌లో ఇంత పాత బోర్డు మాకెప్పుడూ చూపించలేదు మామయ్యా" అన్నాడు మేనల్లుడు. సర్క్యూట్ గీయడం నేర్పుతారు, విప్పడం నేర్పరు. మన చదువులన్నిట్లోనూ ఉన్న లోటే ఇది.

ఆ నైపుణ్యానికి మురిసిపోయి, పొగను మర్చిపోతే మాత్రం అబద్ధం రాసినట్టవుతుంది. పాత టంకంలో తగరంతోపాటు సీసం ఉంటుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఆ గదిలో ఒక మూల చిన్న ఫ్యాను తిరుగుతోంది, పొగను బయటికి కాదు, గదిలోనే అటూ ఇటూ తిప్పుతూ. ముక్కుకు గుడ్డ కట్టినవాళ్లు కనబడలేదు. అరగంట నిలబడ్డ నాకే రాత్రంతా గొంతు మండింది.

ఫోన్ జేబులోంచి తీసినప్పుడల్లా "ఫోటోలొద్దు భాయీ సాబ్" అని ఎవరో ఒకరు అనేవారు. కోపంగా కాదు, టీ గ్లాసు చేతికిస్తూనే. టీవీవాళ్లొచ్చి పొగను తీసుకుపోతారు, ఆ తర్వాత సీలు వేసేవాళ్లొస్తారు, మళ్లీ పది రోజులకు తాళం పక్క సందులో తెరుచుకుంటుంది. ఇదీ వాళ్లు చెప్పిన మాట. టీ డబ్బులు మాత్రం ఎంత చెప్పినా తీసుకోలేదు.

వాళ్ల భయానికి కారణముంది. ఈ-వ్యర్థాలకు ప్రత్యేక నిబంధనలు మన దేశంలో 2011లో వచ్చాయి, 2012 మే నుంచి అమలయ్యాయి. తర్వాత 2016లో ఒకసారి, 2022లో మరోసారి కొత్తగా రాశారు. ఇప్పుడున్నవి 2023 ఏప్రిల్ 1 నుంచి నడుస్తున్నవి. వీటి కింద 106 రకాల వస్తువులున్నాయి. అమ్మిన కంపెనీయే పాత సరుకు రీసైక్లింగ్‌కు బాధ్యత వహించాలి. ఆ వాటా మొదట 60 శాతం, తర్వాత 70, 2027-28 నుంచి 80. వినడానికి బాగానే ఉంది. కానీ రిజిస్టర్ చేసుకోవాల్సినవాళ్లు నాలుగే వర్గాలు: తయారీదారు, ఉత్పత్తిదారు, బాగుచేసి మళ్లీ అమ్మేవాడు, రీసైకిల్ చేసేవాడు. విడదీసేవాడికి పాత నిబంధనల్లో ఒక పేరు ఉండేది. కొత్తవాటిలో అదీ పోయింది. సీలంపూర్‌లో నేను చూసినవాళ్లలో నూటికి తొంభై మంది చేసే పని విడదీయడమే.

ప్రపంచ లెక్క కూడా చూద్దాం. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతా కలిసి 6 కోట్ల 20 లక్షల టన్నుల ఈ-వ్యర్థాలు పోగేసింది. అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు కాగితం మీద లెక్క దొరికింది 22.3 శాతానికే. మిగతాది గాల్లో కలిసిపోలేదు. అందులో కొంత ఇలాంటి గడపల మీదే ఉంది.

విప్పిన చిప్పులు రిపేరు దుకాణాలకు పోతే, బోడి బోర్డులు ఎక్కడికి పోతాయి? అడిగినచోటల్లా ఒకటే జవాబు: మురాదాబాద్.

ఢిల్లీ నుంచి తూర్పుగా మూడు నాలుగు గంటల రైలు ప్రయాణం. ఘాజియాబాద్ అపార్ట్‌మెంట్లు వెనకబడ్డాక చెరకు మొదలైంది. హాపుర్ దాటాక ఎటు చూసినా చెరకే, మధ్యమధ్య ఆవపూల పసుపు పట్టీలు, గుడిసెల ఆకారంలో పేర్చిన పిడకల దిబ్బలు. పొలాల గట్ల మీద బెల్లం వండే పాకలు, వాటి పైన తెల్లటి పొగ. కిటికీ తెరిస్తే అనకాపల్లి వాసనే. ఎదురుగా కూర్చున్న పెద్దాయన, పేరూ ఊరూ అడక్కముందే, కాగితం పొట్లం విప్పి గజక్ పెట్టాడు. మన నువ్వుల చిక్కీ కన్నా పలచన, నోట్లో పెట్టుకుంటే పొరలు పొరలుగా విరుగుతుంది. గఢ్‌ముక్తేశ్వర్ దగ్గర గంగ రాగానే పెట్టెలో కదలిక వచ్చింది. యమునను పట్టించుకోని జనమే ఇక్కడ లేచి నిలబడి దణ్ణాలు పెట్టారు, రూపాయి బిళ్లలు విసిరారు. అచ్చం మన రాజమండ్రి వంతెన మీదలాగే. ఏ నదికి మొక్కాలో, ఏ నదిలో మురుగు వదలాలో మనకు ఎవరు చెప్పారో మరి.

పెద్దాయన ఇత్తడి పనివాడు. ఇప్పుడు కళ్లు సరిగా కనబడక మానేశాడట. అమ్రోహా మామిడితోటలు పూతమీదున్నాయి. వాటిని చూస్తూ నెమ్మదిగా తన ఊరి సంగతి చెప్పుకొచ్చాడు. షాజహాన్ కొడుకు మురాద్ పేరు మీద వెలసిన ఊరు. ఇత్తడి నగరి అంటారు. ఇంటికో కొలిమి. పోతపోసేవాడు ఒకడు, చిత్రిక పట్టేవాడు ఒకడు, నగిషీ చెక్కేవాడు ఒకడు, మెరుగుపెట్టేవాడు మరొకడు. మన పెంబర్తి, బుడితి కళాకారుల పనితనం తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. తేడా ఊరి పరిమాణంలో ఉంది: పెంబర్తి ఒక గ్రామం, ఇక్కడ నగరమే ఒక కార్ఖానా. ఆ ఇత్తడి మాత్రం ఎక్కడిది? చాలావరకు తుక్కే. పాత కుళాయిలు, పగిలిన బిందెలు కరిగించే పోతపోస్తారు. అంటే తరతరాలుగా ఈ ఊరు బతుకుతున్నదే పాత లోహం మీద. విదేశీ ఆర్డర్లు పడిపోయి కొలిమి ఖాళీగా ఉన్నప్పుడు ఢిల్లీ నుంచి బోర్డుల బస్తాలు వచ్చాయి. అందులో రాగి ఉందన్నారు, కొలిమి ఎలాగూ ఉంది, నిప్పు పనీ వచ్చు. "ఇంకేం కావాలి?" అన్నాడు పెద్దాయన. తప్పెవరిదని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

సాయంత్రం బజారులో మురాదాబాదీ దాల్ తిన్నాం. పెసరపప్పును వెన్నలా మెత్తగా ఉడికించి, ఆకు దొన్నెలో పోసి, పైన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, చెంచాడు వెన్న వేసి, నిమ్మకాయ పిండి ఇస్తారు. అన్నం లేదు, రొట్టె లేదు. పప్పు ఒక్కదాన్నే నిలబడి చెంచాతో తినాలి. మనకు పప్పు అంటే అన్నానికి తోడు. పప్పునే చాట్ చేసి అమ్ముకోవచ్చన్న ఆలోచన మనవాళ్లకు ఎందుకు రాలేదా అనుకుంటూ రెండో దొన్నె అడిగాను. మావాడు మూడోది.

పొద్దున్నే ఊరి పక్కన పారే రాంగంగ నది ఒడ్డుకు వెళ్లాం. పొగమంచు ఇంకా తేలలేదు. జామా మసీదు మినార్లు పైన తేలుతున్నట్టున్నాయి. నది సన్నగా ఒక పక్కకు ఒదిగి పారుతోంది, మిగతాదంతా ఇసుక. ఒడ్డున కొంతమేర ఇసుక నల్లగా ఉంది. వంగి గుప్పెడు తీసుకుంటే, నలిగిన బొగ్గుపొడి మధ్య గాజుపోగుల ముక్కలు, అక్కడక్కడ ఇంకా పచ్చరంగు చావని బోర్డు అంచులు. చేతికి జిగట, దురద. సబ్బుతో కడిగినా సాయంత్రం దాకా వదల్లేదు.

ఈ నల్లపొడి కథ ఇది. బోర్డుల్ని కుప్పపోసి కాలుస్తారు. ప్లాస్టిక్, జిగురు పోయి బూడిద మిగులుతుంది. దాన్ని దంచి, జల్లెడపట్టి, నదిలో చట్టితో గాలిస్తారు. బరువైన లోహం అడుగున నిలుస్తుంది, తేలిక బూడిద నీళ్లతో పోతుంది. బంగారు పూత ఉన్న ముక్కల్ని విడిగా తేజాబ్‌లో, అంటే యాసిడ్‌లో, వేస్తారు. బోర్డు నిప్పంటుకోకుండా తయారీలోనే బ్రోమిన్ రసాయనాలు కలుపుతారు. బహిరంగ మంటలో అవే డయాక్సిన్లుగా, ఫ్యూరాన్లుగా మారతాయి. నిప్పు నుంచి రక్షణకు కలిపిందే నిప్పులో పడ్డాక విషమవుతుంది. 2015లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ ఇక్కడి మట్టి, నీరు పరీక్షించి లోహాలు పరిమితి మించి ఉన్నాయని చెప్పింది. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ ఒడ్డున బూడిద పోసేవారికి లక్ష రూపాయల జరిమానా అంది. అప్పట్నుంచి ఒడ్డున మంటలు తగ్గాయి. తగ్గినవి ఆరిపోలేదు, రాత్రిపూట చుట్టుపక్కల పల్లెల్లోకి జరిగాయని ఒడ్డున ఉన్నవాళ్లే చెప్పారు.

నన్ను ఎక్కువగా కలతపెట్టింది నల్లమట్టి కాదు. దానికి కాస్త దూరంలో ఇసుకలో వరుసగా గుంతలు తీసి, ఎరువు నింపి, ఒక కుటుంబం దోస, పుచ్చ గింజలు పెడుతోంది. పెన్నలో, కృష్ణలో వేసవికి ముందు మనవాళ్లు పాదులు పెట్టినట్టే. ఏప్రిల్ చివరికల్లా ఆ కాయలు బజారుకు వస్తాయి. ఎండలో గొంతెండి కోయించుకుని తినేవాళ్లలో, ఆ పాదు కిందికి ఎవరి పాత టీవీ బోర్డు చేరిందో ఎవరికి తెలుస్తుంది? నాది కాదని నేను చెప్పగలనా?

ఇంత చేసీ వాళ్లకు దక్కేది ఎంత? బెంగళూరులో ఇలాంటి చేతి పద్ధతుల్ని స్విట్జర్లాండ్ పరిశోధకులు కొలిచి చూస్తే, బోర్డులో ఉన్న బంగారంలో నాలుగో వంతు మాత్రమే చేతికొస్తోందని తేలింది. మిగతా మూడు వంతులు వృథాగా పోతున్నాయి. అదే బెల్జియంలోని హోబోకెన్ కర్మాగారంలాంటి చోట పొగను వడగట్టే కొలుముల్లో వేస్తే బంగారం, వెండి, రాగి, పల్లాడియంతో సహా 17 లోహాలు తీస్తారు. కోలార్ గనులు 2001లో మూతపడ్డాయి, తవ్వితే గిట్టుబాటు కావడం లేదని. ఒక టన్ను మంచి బోర్డుల్లో ఉండే బంగారం టన్ను గని రాయిలో దొరికేదానికి పదుల రెట్లు. ఆ గనిని మనం రాంగంగలో కడిగేస్తున్నాం.

సీలంపూర్‌ను మూసేయాలని వాదించేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే. ఒక ఛార్జర్‌ని నిమిషంలో ఇన్ని రకాలుగా విడదీసే యంత్రం నేనైతే చూడలేదు. పెద్ద ప్లాంట్లు చాలాచోట్ల మొత్తాన్ని కలిపి తురుముతాయి. అప్పుడు పనిచేసే సౌండు చిప్పు కూడా పొడే. విప్పడం, బతికినదాన్ని బతికించడం ఈ చేతులకే వదిలేయాలి. ఆపాల్సింది ఆఖరి మెట్టు: మంట, యాసిడ్. బోడి బోర్డును కాల్చకముందే కాల్చినదానికన్నా మంచి ధరకు కొనేవాడు గుమ్మంలో ఉంటే, ఏ తల్లీ ఇంట్లో పొగపెట్టుకోదు. డబ్బు లేదనడానికీ వీల్లేదు. పాత సామాన్లు, బ్యాటరీల నుంచి కీలక ఖనిజాలు తీసే పరిశ్రమకు 2025 సెప్టెంబరులో కేంద్రం 1,500 కోట్ల రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది. రీసైకిల్ చేసినందుకు కంపెనీలు కిలోకు కనీసం 22 రూపాయలు చెల్లించాలని టీవీ, ఫ్రిజ్ లాంటి వస్తువులకు నిబంధన పెట్టింది. అందులో ఆ గడప మీది ఆవిడ దాకా వచ్చేది ఎంతన్నది ఏ కాగితంలోనూ లేదు.

హైదరాబాద్ వచ్చాక మొదట గుర్తొచ్చింది చర్లపల్లి. అక్కడి సీ-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ బోర్డుల నుంచి లోహాలు తీసే సురక్షిత పద్ధతుల మీదే పనిచేస్తోంది. మన పక్కనే పరిష్కారానికి ఒక కొస ఉంది, రెండో కొస సీలంపూర్‌లో ఉంది. రెండూ కలవడానికి తొందరపడాల్సిన కారణం కూడా మన దగ్గరే కనిపిస్తుంది. కర్నూలు నుంచి ఓర్వకల్లు వైపు వెళ్తే వెయ్యి మెగావాట్ల సోలార్ పలకలు కళ్లు మిరుమిట్లు గొలుపుతూ పరుచుకుని ఉంటాయి. వాటి ఆయుష్షు పాతికేళ్లు అటూఇటూ. ఇప్పటి నిబంధనలు పాడైన సోలార్ పలకల్ని 2034-35 దాకా భద్రంగా నిల్వ ఉంచమంటున్నాయి. ఆ తర్వాత వాటిని విప్పేది ఎవరు? చట్టంలో పేరే లేని మనుషులేనా?

మీ సొరుగులో మూలుగుతున్న పాత ఫోను ఉంటే ఇప్పుడే తీయండి. పనిచేస్తున్నంత కాలమే దానికి మరో చేతిలో బతుకు ఉంది. ఇంకో మూడేళ్లు దాస్తే అది బోర్డు మాత్రమే. వైర్లలో రాగి కోసం కాల్చే పని మాత్రం ఎవరూ చేయకండి, ఎవరితోనూ చేయించకండి. ఇక విడదీసేవాళ్లను చట్టంలో ఐదో వర్గంగా చేర్చి, వాళ్లకొక షెడ్డు, పొగగొట్టం, కాటా, ఖాయమైన ధర ఇవ్వడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. కేంద్ర పర్యావరణ శాఖ ఒక సవరణ నోటిఫికేషన్ ఇస్తే చాలు. 2022 నిబంధనలకు 2023లోనూ, 2024లోనూ ఇప్పటికే సవరణలు జరిగాయి.